కీబోర్డు వెనక

మా ఒంగోలు సంఘంలో నేను కీబోర్డు పట్టుకున్నది ఇంటర్ చదివేటప్పుడు. పంతొమ్మిదేళ్ళుగా ఒకటే పని. పాస్టరు అయ్యగారు వాక్యం ముగించి "అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి" అనగానే డి మైనర్‌లో మెల్లగా ఎత్తుకోవాలి. "యేసుని సొంత రక్షకుడిగా అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నప్పుడు సౌండ్ తగ్గించాలి. ఎవరూ ఎత్తకపోతే మళ్ళీ పల్లవి.

అందరూ కళ్ళు మూసుకుంటారు, నేను తప్ప. కీలు చూసుకోవాలి కదా. అలా ఎంతమందిని చూశానో! చెప్పులు చేత్తో పట్టుకుని ముందుకొచ్చిన పొగాకు కంపెనీ కూలీ ఒకావిడ, తాగిన మత్తులోనే వచ్చి మోకాళ్ళ మీద పడ్డ ఆటో అతను. వాళ్ళని చూస్తే ఒక్కోసారి కుళ్ళు పుట్టేది. నా చేతులు మాత్రం ఎప్పుడూ ఖాళీగా లేవు.

మా బాప్టిస్టుల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగాక ఎవరికి వాళ్ళే అడగాలి. నేను అడగలేదు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల రోజున పళ్ళెం నా దాకా వచ్చేసరికి చేతులు కీల మీద ఉండేవి. 'పాపం, వాయిస్తున్నాడు' అనుకుని పెద్దలు దాటి వెళ్ళిపోయేవాళ్ళు. సంగతి తెలిసింది అమ్మకొక్కదానికే. తను కూడా అడగడం మానేసింది.

ఎవరైనా "రక్షణ పొందావా బాబూ?" అంటే నా దగ్గర ఒక కథ ఉండేది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత తండ్రి వాళ్ళలో ఒకడని నానమ్మ చెప్పేది. ఇంకేం కావాలి, నా వంతు కూడా ఆయనే మునిగేశాడు!

ఆ కథలో సగమే చెబుతున్నానని చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు రెండేళ్ళూ భయంకరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కానీ ఆ పని నడిచినన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. అంటే మా ముత్తాత తండ్రిని వద్దన్నారు, ఆగమన్నారు, ఆయన ఆగి మరీ వచ్చాడు. నన్ను రమ్మని ప్రతి ఆదివారం పిలుస్తున్నారు, నేను నేపథ్య సంగీతం ఇస్తున్నాను.

పోయిన మే నెలలో ఉజ్జీవ కూటాలు. రెండో రాత్రి, సరిగ్గా చెయ్యెత్తమనే సమయానికి కరెంటు పోయింది. జనరేటర్ కుర్రాడు టీకి వెళ్ళాడు. మైకు లేదు, కీబోర్డు లేదు, చిమ్మచీకటి. అయ్యగారు ఆపకుండా గొంతెత్తి చెబుతున్నారు: "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను." వెయ్యిసార్లు విన్న వాక్యం. కానీ దాని కింద నా సంగీతం లేకుండా వినడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకటి పైకెత్తాను. ఎవరికీ కనపడదన్న ధైర్యం కూడా కొంత ఉందిలెండి.

లైట్లు వెలిగేసరికి చెయ్యి ఇంకా పైనే ఉంది.

"ఏంటన్నా, వైర్ ఊడిందా?" అన్నాడు డ్రమ్ముల పిల్లాడు.

"కాదురా. నేనే."

వాడికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

నిత్యజీవం అంటే చచ్చాక దొరికే రిజర్వేషన్ టికెట్ అనుకునేవాణ్ణి. యోహాను సువార్త పదిహేడో అధ్యాయంలో దేవుణ్ణీ, ఆయన పంపిన క్రీస్తునీ "ఎరుగుటయే నిత్యజీవము" అని ఉంది. ఎరగడం! ఆయన పాటలన్నిటికీ నాకు నోట్స్ వచ్చు. మాట్లాడింది మాత్రం ఎప్పుడూ లేదు. ఇప్పుడు పొద్దున్నే డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను, తడబడుతూ. ఈఎంఐల టెన్షన్ పోలేదు, కోపం కూడా పెద్దగా తగ్గలేదు, మా ఆవిడనడగండి.

ఆగస్టులో బాప్తిస్మం తీసుకున్నాను. తర్వాత వచ్చిన ప్రభువు బల్లకి మొదటిసారి బెంచీ మీద, అమ్మ పక్కన కూర్చున్నాను. పళ్ళెం వచ్చింది. రెండు చేతులూ చాపాను. అవతల డ్రమ్ముల పిల్లాడు నా కీబోర్డు మీద డి మైనర్‌ని ఖూనీ చేస్తున్నాడు.