ధనమదాంధుల కొలువేల తాపసులకు

భాగవతం ద్వితీయ స్కంధంలో శుకమహర్షి పరీక్షిత్తుకు చేసిన ఉపదేశంలోని ఒక భాగాన్ని పోతన సీసపద్యంగా మలిచాడు. "కమనీయ భూమిభాగములు లేకున్నవే, పడియుండుటకు దూదిపఱుపులేల?" అంటూ అది మొదలవుతుంది. దోసిలి ఉండగా భోజనపాత్రలు ఎందుకని, నారచీరలు ఉండగా పట్టుబట్టలు ఎందుకని, గుహలు ఉండగా మేడలు ఎందుకని పాదానికొక ప్రశ్న వేస్తూ, పడకతో మొదలుపెట్టి ఇంటిదాకా మనిషి కూడబెట్టుకునేవాటిని ఒక్కొక్కటిగా పక్కన పెడుతుంది.

ఎక్కడా "విడిచిపెట్టు" అన్న ఆజ్ఞ లేదు. "లేకున్నవే" అన్న ప్రశ్నే నాలుగు పాదాల్లోనూ వినిపిస్తుంది. కావలసినది మనం అడగకముందే భగవంతుడు అమర్చి ఉంచాడని చూపించడమే ఆ ప్రశ్నలోని కరుణ అని నా నమ్మకం. పైగా ఆ మాటలు వింటున్నవాడు ఏడు రోజుల్లో మరణం తప్పదని తెలిసి, రాజ్యాన్ని వదిలి గంగ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్న మహారాజు. మేడలూ పట్టుబట్టలూ ఎంతవరకు తోడు వస్తాయో అతనికి వేరుగా చెప్పనక్కరలేదు.

చివరి తేటగీతిలో చెట్లు పండ్లు కురియవా, నదుల్లో తియ్యని నీరు లేదా అని అడిగిన తరువాత, "పొసగ భిక్షము వెట్టరే పుణ్యసతులు" అన్న పాదం వస్తుంది. నేను ఎక్కువకాలం ఆగిపోయినది ఇక్కడే. ఏకాంతాన్ని బోధించే పద్యంలోకి ఒక ఇల్లాలి చెయ్యి ఎందుకు వచ్చింది? ఆ వెంటనే "ధనమదాంధుల కొలువేల తాపసులకు" అనడంతో సంగతి తెలిసింది. భిక్ష, కొలువు రెండూ ఇతరుల చేతి నుంచి వచ్చేవే అయినా, మొదటిది ఆ పూట ఆకలితో తీరిపోతుంది; రెండవది మనసును పగలూ రాత్రీ కట్టిపడేస్తుంది. ఈ మాట చెప్పిన శుకుడు గృహస్థుల వాకిట ఆవును పితికేంతసేపు మాత్రమే నిలిచేవాడని భాగవతమే చెబుతోంది. అతని ఏకాంతంలో మనుషుల పట్ల విముఖత లేదు, ఎవరి కొలువూ లేదు. అవసరాలు తగ్గుతున్నకొద్దీ అటువంటి ఒంటరితనం దానంతట అదే సమకూరుతుంది.

ఏకాదశ స్కంధంలో అవధూత తన గురువుల్లో ఒక కన్యను చేర్చుకోవడమూ ఇందుకే. అతిథుల కోసం ధాన్యం దంచుతుంటే గాజులు గలగలమన్నాయని, ఆమె ఒక్కొక్కటీ తీసివేసి చేతికి ఒకటే ఉంచుకుంది. చప్పుడు ఆగింది, పని ఆగలేదు.

కొన్నేళ్లుగా తెల్లవారుజామున ఈ పద్యాన్ని పైకి చదువుకుని కాసేపు ఒక్కడినే కూర్చుంటున్నాను. మొదటి పాదం నన్ను నేల మీద పడుకోబెట్టింది. మూడవ పాదం చదివిన తరువాతనే, ఏళ్లుగా కట్టని బట్టలను అవసరమైనవారికి ఇవ్వగలిగాను. గుహల పాదం దగ్గర మాత్రం నా గొంతు ఈనాటికీ కొంచెం తగ్గుతుంది. అక్కడ ఆగి, మళ్లీ "కమనీయ భూమిభాగములు" నుంచి అందుకుంటాను.