డాలస్‌లో జూన్ శనివారం, గ్యారేజ్ సేల్ రోజు

బడులు మూసేశారు. ఇండియాకి తిరిగెళ్లే మనవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ, వాడిన సామాను గ్యారేజ్‌లో పరిచి అమ్మే మూవింగ్ సేల్స్ మొదలయ్యే రోజులివి. జూన్‌లో డాలస్ ఎండకి పది దాటితే గ్యారేజ్‌లో నిలబడలేం. అమ్మేవాళ్లు ఏడింటికే షట్టర్ ఎత్తేస్తారు, మంచి సరుకు ఎనిమిదిలోపే వెళ్లిపోతుంది.

సంచిలో పడేసుకోవాల్సినవి: ఒకటి, ఐదు డాలర్ల నోట్లు, కొలత టేపు, టార్చి, నాలుగు డబుల్-ఏ బ్యాటరీలు, చిన్న అయస్కాంతం. ఇరవై నోటు ఇచ్చి రెండు డాలర్ల వస్తువు అడిగితే పొద్దున్నే చిల్లర ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఈ సేల్స్‌లో మనకి అసలైన బేరం పోత ఇనప పెనం. తుప్పు చూసి చాలామంది పక్కన పెట్టేస్తారు కాబట్టి ఒక్కోసారి ఐదు డాలర్లకే వస్తుంది. తుప్పుకి భయం లేదు, చూడాల్సింది పగులు, వంపు. చదునైన చోట పెట్టి అంచు నొక్కితే ఊగకూడదు. ఊగే పెనం గాజు స్టవ్ మీద సమంగా వేడెక్కదు, దోసె ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా ఉంటుంది. వేలి కణుపుతో కొడితే గంటలా మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో పగిలినట్టే. బాగా పాత పెనాల్లో కొందరు సీసం కరిగించేవారు. లోపల బూడిదరంగు పొరో, లోహం మరకలో కనిపిస్తే ఉచితంగా ఇచ్చినా వద్దు. లాడ్జ్ అనే కంపెనీ కొత్త పెనమే పాతిక డాలర్ల లోపు దొరుకుతోంది, పేరులేని పాతదానికి పది పెట్టడం దండగ.

ఇంటికి తెచ్చాక వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి నానబెట్టాలి, గంట మించకుండా. ఎక్కువసేపు ఉంచితే వెనిగర్ ఇనుమునే తినేస్తుంది. స్టీలు పీచుతో రుద్ది, కడిగి, వెంటనే స్టవ్ మీద ఆరబెట్టి, నూనె పూసి, మళ్లీ మొత్తం తుడిచేయాలి. అసలు నూనె లేదనిపించేంత పల్చగా. అవెన్‌లో బోర్లించి 450 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంట. మొదటి దోసె జిగురుగా అంటుకుందంటే నూనె ఎక్కువైందన్నమాట.

మనవాళ్ల సేల్‌లో మిక్సీ కనిపిస్తే ముందు తిరగేసి అడుగున చీటీ చదవాలి. 110 వోల్టులదా, 230దా? పిన్ మార్చే అడాప్టర్ ఒక్కటే చేతిలో పెట్టి ‘ఇక్కడా పనిచేస్తుందండీ’ అంటారు, పాపం వాళ్లకీ తెలీక. అది ప్లగ్ ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీని మార్చదు. 750 వాట్ల 230 మిక్సీకి, 110ని 230గా పెంచే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ 1500 వాట్లదైనా ఉండాలి, మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు కూడా కలుపుకుంటే మిక్సీ చౌక ఎగిరిపోతుంది. తడి గ్రైండర్‌కి ఇంకో మెలిక: ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇక్కడి కరెంటు 60 హెర్ట్జే, ఇండియాలోని 50 హెర్ట్జ్ కరెంటుకి చేసిన ఇండక్షన్ మోటారు దానిమీద ఐదో వంతు వేగం పెంచేస్తుంది. 110 వోల్టులది దొరికితేనే కొనాలి, అదీ అక్కడే ప్లగ్ పెట్టించి, రాళ్లు తిరగడం చూశాకే.

పిల్లల సామాన్లకి బేరం కాదు, తేదీ ముఖ్యం. కార్ సీటు వెనకో కిందో గడువు తేదీ అచ్చై ఉంటుంది. అది దాటకపోయినా ప్రమాదంలో పడిందో లేదో చెప్పేవాళ్లు లేకపోతే వదిలేయడమే. హెల్మెట్‌కీ అంతే. పక్క కమ్మీ కిందికి జారే తొట్టెల అమ్మకం 2011 జూన్ నుంచి నిషిద్ధం, అయినా అటకల్లోంచి ఇంకా దిగుతూనే ఉంటాయి. చెక్క సామానైతే సొరుగు లాగి వెనక పలక చూడాలి: పొట్టు చెక్క తేమకి ఉబ్బుతుంది, మళ్లీ మేకు పట్టదు. మూలల్లో, మర రంధ్రాల్లో టార్చి వేస్తే నల్లుల మరకలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. బట్టలు ఇంట్లో ఎక్కడా పెట్టకుండా నేరుగా డ్రయ్యర్‌లో వేసి ఎక్కువ వేడి మీద అరగంట తిప్పేయాలి.

బేరానికి వేళ ఉంది. ఏడింటికి సగం ధర అడిగితే మొహం మాడ్చుకుంటారు, నాలుగు వస్తువులు కుప్పగా పెట్టి ‘అన్నీ కలిపి పన్నెండుకి ఇస్తారా’ అంటే మాత్రం ఒప్పుకుంటారు. బల్లలు, బీరువాల్లాంటి పెద్దవాటికి పదకొండు తర్వాత వెళ్లాలి. మళ్లీ లోపలికి మోయలేక అప్పటికి ధర వాళ్లే దించేస్తారు. కారు డిక్కీ కొలత మాత్రం ముందే రాసుకుని వెళ్లాలి.