21వ రోజు, ఆదివారం

పొద్దున ఐదింటికే మెలకువ వచ్చేసింది. ఆదివారం, పిల్లాడికి బడి లేదు, క్యారేజీ కట్టే పని లేదు, అయినా కళ్లు తెరవగానే మనసు వెనక పంచలోకి వెళ్లిపోయింది. నల్లపెట్టను పొదగేసి ఇవాళ్టికి మూడు వారాలు. ఫోను టార్చి దాని కళ్లలో పడకుండా నేల మీదకి వేసుకుంటూ వెళ్లి బుట్ట పక్కన కూర్చున్నాను. ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమంది కానీ పొడవలేదు. కాసేపటికి దాని కింద నుంచి సన్నగా కిచకిచమని వినపడింది, వెంటనే అది గొంతులోనే, బయటికి వినీ వినపడకుండా, కుర్ కుర్ అని జవాబిచ్చింది.

నిజానికి ఈ మాటలు నిన్న సాయంత్రమే మొదలయ్యాయి. అప్పటికి ఒక్క గుడ్డు కూడా పిగల్లేదు. గుడ్డు లావు వైపు చిన్న గాలి గది ఉంటుంది కదా, పిల్ల ముందు లోపలి పొరను చీల్చుకుని అందులోకి ముక్కు పెడుతుంది, మొదటి ఊపిరి అక్కడే, మొదటి కూత కూడా అక్కడి నుంచే. పెంకు ఇంకా చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల పిల్ల పిలుస్తుంటుంది, పైన తల్లి పలుకుతుంటుంది. ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. జనవరి ఆఖర్లో నల్లపెట్ట పొదుగుకొచ్చింది. గుడ్లు లేని గూట్లో రోజంతా కూర్చోవడం, చెయ్యి పెడితే పొడవడం, మేతకి కూడా లేవకపోవడం. ఎండలు ముదరకముందే పొదగేద్దామని అత్తయ్య అన్నారు. మావి ఏడు గుడ్లు, పక్కింటి వాళ్ల పుంజు మంచిదని వాళ్ల దగ్గర నాలుగు, మొత్తం 11. గుడ్లు బేసి సంఖ్యలో ఉండాలని అత్తయ్య పట్టుదల. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గడ్డి కింద ఒక ఇనుప మేకు, చిన్న బొగ్గు ముక్క కూడా పెట్టారు. వాళ్లమ్మ అలాగే పెట్టేదట. నాకు తెలిసిందల్లా గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టకూడదని, వారం దాటినవి వేయకూడదని. రెండింటికీ గొడవేం లేదు కాబట్టి ఇద్దరం ఎవరి పని వాళ్లం చేసుకున్నాం. వెదురు బుట్ట, అడుగున కాస్త బూడిద, పైన వరిగడ్డి, గడ్డి మధ్యలో నాలుగు వేప రెబ్బలు, పేలు పట్టకుండా.

ఎనిమిదో రోజు రాత్రి లైటు తీసేసి, గుడ్డు లావు వైపు టార్చి ఆనించి ఒక్కొక్కటే చూశాం. పిల్లాడు పక్కనే నిలబడ్డాడు. మంచి గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క. ఆ చుక్క కదిలింది. "అమ్మా, అది నన్ను చూస్తోంది" అన్నాడు వాడు, గుసగుసగా. రెండు గుడ్లు మాత్రం ఖాళీగా, పసుపుపచ్చగా వెలిగాయి, వాటిని తీసేశాం. మిగిలినవి తొమ్మిది.

ఈ మూడు వారాలూ నల్లపెట్ట రోజుకి ఒక్కసారే లేచింది. పరుగున బయటికి పోయి, నాలుగు నూకలు తిని, నీళ్లు తాగి, బూడిదలో పొర్లి, ఒక పెద్ద ముద్ద రెట్ట వేసి (ఆ వాసన మామూలు వాసన కాదు) పావుగంటలో మళ్లీ గుడ్ల మీదికి. ఒకరోజు అది లేవకపోతే కంగారుపడి నేనే ఎత్తాను. రొమ్ము ఎముక చేతికి గట్టిగా తగిలింది, అంత చిక్కిపోయింది. పొట్ట దగ్గర ఈకలు లేవు, బట్ట చర్మం, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది. గుడ్డుకి వేడి నేరుగా తగలాలని అక్కడి ఈకలు రాలిపోతాయి.

పోయినేడాది వనరాజా పెట్టల్ని తెచ్చాం, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారు చేసిన రకం. గుడ్లు బాగా పెట్టాయి, వంక పెట్టడానికి లేదు. కానీ ఒక్కటంటే ఒక్కటి కూడా పొదుగుకి కూర్చోలేదు. పొదుగుకొచ్చిన కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది కాబట్టి గుడ్ల కోసం ఎంచుకుంటూ పోయిన రకాల్లో ఆ గుణమే తగ్గిపోతుంది. అప్పటి నుంచి మా ఇంట్లో నల్లపెట్టకి ఉన్న మర్యాద వేరు.

పొద్దున ఏడింటికి రెండు పిల్లలు, పదకొండు గంటలకి ఐదు, మధ్యాహ్నం మేం అన్నాలు తినేసరికి ఏడు. తడిసి, మెడ నిలవక, చూడ్డానికి జాలేసేలా బయటికొచ్చినవే రెండు గంటల్లో దూది ఉండల్లా అయిపోయాయి. ఒకటి తల్లి రెక్క సందులోంచి తల బయటపెట్టి నన్ను చూసింది. ముక్కు కొనన ఇసుక రేణువంత తెల్లటి బుడిపె, పెంకు పగలగొట్టింది దాంతోనే, నాలుగు రోజుల్లో రాలిపోతుంది. పిల్లాడు నూకలు పట్టుకొచ్చాడు, ఇవాళ అక్కర్లేదని చెప్పాను. గుడ్డులోని పచ్చసొన కడుపులోకి పీల్చుకునే వస్తాయి, రెండు రోజులు దాంతో గడిచిపోతుంది. తల్లికి మాత్రం దగ్గరే నీళ్లు పెట్టి, పిల్లలు పడి మునగకుండా మూకుట్లో గులకరాళ్లు వేశాం.

ఎనిమిదో గుడ్డు దగ్గరే నా టెన్షన్ అంతా. పొద్దున ఆరింటికే దానికి కందిగింజంత చిల్లు పడింది. సాయంత్రం నాలుగైనా అంతే చిల్లు. అందులోంచి ముక్కు కొన కనిపిస్తోంది, ఊపిరికి కదులుతోంది, అప్పుడప్పుడూ కీచుమంటోంది. అది ఏడుస్తున్నట్టే ఉంది నాకు.

పోయినసారి ఇలాంటి గుడ్డునే నేను ఒలిచాను. సాయం చేస్తున్నాననుకున్నాను. గోటితో పెంకు కొద్దికొద్దిగా తీస్తుంటే కింద తెల్లటి పొర, పొర చిరిగిన చోట సన్నటి గీతలా రక్తం. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ పొర నరాల్లో ఉన్న రక్తం పిల్ల ఒంట్లోకి వెళ్లాలి, సొన కడుపులోకి వెళ్లాలి, ఆ పనంతా పూర్తయ్యే దాకా అది కదలకుండా ఆగుతుంది. చిల్లు పడ్డాక ఒక్కోసారి రోజంతా పట్టొచ్చు. నేను ఆ సమయం ఇవ్వలేదు. సాయంత్రానికి నా అరచేతిలోనే పోయింది. దాని బరువు ఇప్పటికీ చేతికి గుర్తుంది.

అందుకే ఇవాళ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో లేచి వెళ్లి ఈ వారం వేయించాల్సిన టీకా సంగతి పక్కింటావిడతో మాట్లాడొచ్చాను. ఏడో రోజుకల్లా కొక్కెర తెగులుకి లసోటా చుక్కలు వేయించాలి. సీసా చిన్నదైనా వంద కోళ్లకి సరిపడా వస్తుంది, ఐస్‌లో పెట్టి తేవాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి వీధిలో పిల్లలున్న వాళ్లందరం ఒకే రోజు వేయించుకుంటాం. మాట్లాడుతున్నానే కానీ చెవులు మా పంచ వైపే ఉన్నాయి.

"అమ్మాయ్, అది కోడి పని. నువ్వెళ్లి దీపం పెట్టు" అన్నారు అత్తయ్య. దీపం పెట్టి మళ్లీ వచ్చాను.

రాత్రి ఎనిమిదిన్నర దాటాక చిల్లు పక్కన ఇంకో నెర్ర. పిల్ల లోపల తిరుగుతోంది, తిరుగుతూ టక్, ఆగి, మళ్లీ టక్. కత్తిరించినట్టు గుడ్డు చుట్టూ గీత పడుతూ వచ్చింది. తొమ్మిదింపావుకి ఒక్క తోపుతో పెంకు టోపీ లేచి పక్కకి పడింది, పిల్ల సగం బయటికి జారి, అలసిపోయి గడ్డి మీద తల వాల్చేసింది. నల్లపెట్ట ఏ హడావుడీ లేకుండా ముక్కుతో దాన్ని కిందికి లాక్కుని రెక్క దించింది. పిల్లాడు అప్పటికే నా ఒళ్లో నిద్రపోయాడు, లేపాలనిపించింది, లేపలేదు.

తొమ్మిదోది అలాగే ఉంది. పడుకోబోయే ముందు నెమ్మదిగా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది. ఏమీ వినపడలేదు. చాలాసేపు పెట్టుకున్నాను. "రేప్పొద్దున చూద్దాంలే" అన్నారు అత్తయ్య గుమ్మం దగ్గర నుంచి. గుడ్డుని మళ్లీ దాని కిందే పెట్టి, పిల్లి రాకుండా తలుపు గడియ వేసి వచ్చాను.