బందరు బస్సులో కోట

పెళ్లి బందరులో. శ్రావణం ఆఖరి ముహూర్తాలని తెలిసి హైదరాబాద్‌లో ప్రైవేటు బస్సు వాళ్లు టికెట్‌కి రెట్టింపు పైనే గుంజారు. ఆ బస్సు గురించీ, అందులో పనిచేయని ఏసీ గురించీ మొదలుపెడితే తిట్లతోనే సరిపోతుంది కాబట్టి వదిలేస్తున్నా. తెల్లారి విజయవాడలో దిగి, బయట ఓ బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లు, ధర మాత్రం మా దిల్‌సుఖ్‌నగర్ ధర. బస్టాండ్‌లో బందరు నాన్‌స్టాప్ కోసం క్యూ వంకర్లు తిరిగి ఉంది. పక్కనే ఎక్స్‌ప్రెస్ కదలబోతోంది. అదే ఎక్కేశాను.

ఆంధ్రలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న మొదలైంది. మా దగ్గర 2023 డిసెంబర్ నుంచి ఆడుతున్న సినిమానే ఇది, కొత్తగా ఏమీ లేదు. ‘ఆధార్ తియ్యండమ్మా’ అని కండక్టర్ అరవడం, కిటికీలోంచి కర్చీఫ్ వేసిన వాళ్లకీ ముందెక్కి కూర్చున్న వాళ్లకీ గొడవ, మధ్యలో టికెట్ కొన్న మగాళ్లు నిలబడి గొణగడం. నా అదృష్టం, వెనకెక్కడో ఓ సీటు దొరికింది. కిటికీ పక్కన ఒక పెద్దాయన, ఒళ్లో బట్టల సంచి.

బెంజ్ సర్కిల్ కూడా దాటకముందే వెనక సీటు కుర్రాడు ఫోన్‌లో వీడియో పెట్టాడు. ఇయర్‌ఫోన్స్ లేవు, సౌండ్ ఫుల్లు. రాత్రంతా నిద్రలేని మనిషిని, సౌండ్ తగ్గించమందామని చిరాగ్గా వెనక్కి తిరిగాను. ‘అహ నా పెళ్లంట’. కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీన్. 1987 సినిమా, అప్పటికి ఆ కుర్రాడి అమ్మానాన్నలకి పెళ్లి కూడా అయ్యుండదు. పెద్దాయన అప్పటికే నవ్వుతున్నాడు. నేనూ ఏమీ అనలేకపోయాను.

ఆ సీన్లో పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు మనల్ని నవ్వించాలని చూడడు. ముద్ద కలుపుతాడు, కోడి వైపు చూస్తాడు, నోట్లో పెట్టుకుంటాడు. మొహంలో ఎక్కడా వెటకారం ఉండదు. తనకది భోజనమే. ఇంకొకరైతే కనుబొమలెగరేసి, మూతి తిప్పి పాడుచేసేవాళ్లు.

“మావాడేనండీ” అన్నాడు పెద్దాయన.

“కోట గారా?”

“కంకిపాడు. ఈ దార్లోనే వస్తుంది చూడండి. వాళ్ల నాన్నగారు డాక్టరు.”

అని, నా వైపు కాస్త తిరిగి, “మీది తెలంగాణానా అండి?” అన్నాడు. మూడు ముక్కలు మాట్లాడానో లేదో, పట్టేశాడు. నల్గొండ అన్నాను.

నిజానికి కోట మీద మాకూ ఒక హక్కుందనుకునేవాళ్లం. 1985లో మా నాన్న ‘ప్రతిఘటన’ చూసొచ్చి, ఆ మంత్రి కాశయ్య వేషం వేసినోడు పక్కా మనోడే అని ఇంట్లో తేల్చేశాడట. ఆంధ్రాయన అని ఎవరో చెబితే చాన్నాళ్లు ఒప్పుకోలేదు. అంత బాగా పలికాడాయన మా మాట. ‘మనీ’లో అల్లాద్దీన్ అయితే హైదరాబాద్ గల్లీలోంచి లేచొచ్చినట్టే ఉంటాడు. బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడిన మనిషి, చెవులు బాగా తెరిచి పెట్టుకుని ఉంటాడు.

కానీ నాకు ఇంకో కోపం కూడా ఉంది. ఆ వేషాలు అంత బాగా నడిచేసరికి మా భాష సినిమాల్లో విలన్‌కి, వాడి పక్కన జోకులేసే వాడికి రాసిచ్చేశారు. హీరో మాత్రం కృష్ణా గుంటూరు తెలుగే మాట్లాడాలి. ‘గణేష్’ వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నా. 1998. అందులో కోట ఆరోగ్య మంత్రి. ఆ తర్వాత కొన్నాళ్లు మెస్‌లో నేను నోరు తెరిచి ‘ఏందన్నా’ అంటే చాలు, అటు చివర ఎవడో ఒకడు కోట గొంతుతో అందుకునేవాడు. నవ్వేవాణ్ణే, ఇంకేం చేస్తాను. ఈ మధ్య హీరోలూ హీరోయిన్లూ మా యాస మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటుంటే మా తరం వాళ్లకి వింతగానే ఉంటుంది.

ఇదంతా పెద్దాయనకి చెప్పాను. తప్పు ఆయనది కాదులెండి, రాసేవాళ్లదీ తీసేవాళ్లదీ అని కూడా అన్నాను.

“మీకు మంత్రినిచ్చాడు, మాకు పిసినారినిచ్చాడు. ఎవరికి నష్టమండీ?” అన్నాడు. “లక్ష్మీపతి లాంటోళ్లు మా ఊళ్లోనే నలుగురున్నారు. పేర్లు చెప్పమంటారా?”

వద్దన్నాను. బస్సులో వాళ్ల చుట్టాలెవరైనా ఉంటే కష్టం.

పటమట వచ్చింది. 1999 నుంచి 2004 దాకా కోట విజయవాడ తూర్పు ఎమ్మెల్యే. ఓటేశారా అని అడిగితే, “మాది అప్పుడు ఉయ్యూరు నియోజకవర్గం, మాకెక్కడిది” అని పెదవి విరిచాడు. అంతకుముందు ‘మండలాధీశుడు’లో ఎన్టీఆర్‌ని పోలిన వేషం వేసినందుకు ఇదే విజయవాడ రైల్వే స్టేషన్‌లో అభిమానులు ఆయన మీద పడి కొట్టారు. కోటే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. తన్నిన ఊరే ఓట్లేసి గెలిపించిందని పెద్దాయన ఆ రెండూ కలిపి ఆనందపడ్డాడు.

కానూరు, పోరంకి, పెనమలూరు. ఒకప్పుడు ఇవి ఊళ్లు, మధ్యలో పొలాలు కనిపించేవట. ఇప్పుడు షోరూములు, కాలేజీ బోర్డులే. కంకిపాడు ముందు ఓ ట్రాక్టర్ రోడ్డుకడ్డంగా ఆగిపోయి, బస్సు కదల్లేదు. ఇంజన్ ఆపేశారు. చెమట. నీళ్ల సీసా 25 రూపాయలన్నాడు అమ్మే కుర్రాడు. మీద 20 అని ఉంది కదయ్యా అంటే, చల్లగా ఉంది కదా సార్ అన్నాడు.

బయట ఫ్లెక్సీలు చూశాను, కోట ఎక్కడైనా ఉన్నాడేమోనని. నాకు కనిపించినంత మేర నాయకుల పుట్టినరోజులే. 2025 జులై 10న ఆయనకి 83 నిండాయి, 13న పోయారు. ఆ వారం టీవీలో ఏ ఛానల్ పెట్టినా ఆయనే. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో మొదలై, బాబూమోహన్‌తో కలిసి నవ్వించి, తమిళంలో ‘సామి’, హిందీలో ‘సర్కార్’ దాకా వెళ్లాడు. 2015లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయినా పోస్టర్ మీద ఎప్పుడూ పక్కనే. క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకే అంత.

“చివర్లో బాగా గొడవపడ్డాడండీ, బయటి నుంచి విలన్లను తెచ్చుకుంటున్నారని” అన్నాడు పెద్దాయన. “తప్పేముంది? ఒకడు నోరాడిస్తాడు, ఇంకొకడు మాట చెబుతాడు. ఆ రెండూ అతుకుతాయా?”

ఇందులో మాత్రం నాకు ఆయనతో పేచీ లేదు. నోట్లోంచి వచ్చే మాటే కోటకి సగం నటన. వాక్యం మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ఎదుటివాణ్ణి ఓసారి చూసి, చివరి ముక్క ముక్కులోంచి వదులుతాడు. దానికి డబ్బింగ్ ఎవరు చెబుతారు?

ఉయ్యూరులో పెద్దాయన దిగిపోయాడు, పెళ్లికొడుకు ఏ ఇంటివాళ్లో ఆరా తీసి మరీ. బందరు చేరేసరికి టిఫిన్లు అయిపోయాయి, కాఫీ మాత్రం మిగిలింది. పెళ్లి బాగా జరిగింది. లడ్డూలు కొన్నాను, కిలో రేటు విని రెండు కిలోలు అనుకున్నది ఒక కిలోకి దిగాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఫ్రెండ్ మేనమామ నా యాస విని, “అబ్బాయ్, కోట శ్రీనివాసరావు డైలాగ్ ఒకటి కొట్టవయ్యా, మీ భాషే కదా” అన్నాడు. ఆయన మీ జిల్లావాడు బాబాయ్, మీరే కొట్టండి అన్నాను. బంతిలో అందరూ చప్పట్లు కొట్టేసరికి ఆయన పెరుగన్నం పక్కకి నెట్టి, గొంతు సవరించుకుని, కాశయ్యని అందుకున్నాడు. యాస అస్సలు కుదర్లేదు.