‘సిగ్నిఫికెంట్’ అన్న మాట దగ్గర ఆగిపోయిన అనువాదం

అనంతపురంలో చాలాకాలం సాంఖ్యకశాస్త్రం బోధించిన నేను, పెనుకొండ వైపున్న ఒక విడిభాగాల పరిశ్రమ సిబ్బంది శిక్షణకు ఇంగ్లీషులో రాసిన 40 పేజీల నోట్సును అక్కడి కొరియా ఇంజనీర్ల కోసం వారి భాషలోకి మార్పించవలసి వచ్చింది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలైన తరువాత కొరియా భాష నేర్చిన మన పిల్లలు ఇక్కడే దొరుకుతున్నారు. అటువంటి ఒక యువకుడు ఎంతో శ్రద్ధగా రెండు పేజీలు చేసి ఇచ్చాడు. చదివిన ఇంజనీరు మాత్రం ‘సిగ్నిఫికెంట్’ అన్నచోట ఆగిపోయారు.

మామూలు వ్యవహారంలో దానికి ‘జుంగ్యోహాన్’, అంటే ముఖ్యమైనది అన్న మాట సరిపోతుంది. సాంఖ్యకశాస్త్రంలో ‘యూఇహాన్’ అనాలి. రెండు యంత్రాల కొలతల సగటుల మధ్య కనిపించిన తేడా కేవలం యాదృచ్ఛికం కాదని పరీక్షలో తేలినంత మాత్రాన అది పనికి ముఖ్యమైన తేడా అయిపోదు. ఆ భేదం నేర్పడానికే నేను ఆ అధ్యాయం రాశాను.

‘నార్మల్’ కూడా అంతే: విలువలు ఎలా పరచుకున్నాయో చెప్పే విభాజనానికైతే (డిస్ట్రిబ్యూషన్) ‘జొంగ్యు’, వక్రానికి గీసే లంబానికైతే ‘బొప్సొన్’. వీటికన్నా సూక్ష్మమైనది ఆర్టికల్. ఇంగ్లీషులో ‘ఎ సొల్యూషన్’ అంటే సమీకరణానికి ఉన్న సాధనల్లో ఒకటి, ‘ది సొల్యూషన్’ అంటే ఉన్న ఒక్కగానొక్క సాధన. తెలుగులో లాగే కొరియా భాషలోనూ ఆర్టికల్స్ లేవు కనుక, అవసరమైనచోట ‘ఏకైక’ అన్న అర్థమిచ్చే మాటను గణితం అర్థమైన అనువాదకుడే చేర్చగలడు.

అందుకే భాష వచ్చినవారిని వెతకడం మాని, కొరియా మాతృభాషగా గల సాంఖ్యకశాస్త్ర విద్యార్థుల కోసం పాత శిష్యుల ద్వారా వాకబు చేశాను. ఈ మాటలన్నీ వచ్చే అర పేజీని నమూనాగా ఇచ్చి, ఆ పనికి విడిగా డబ్బు చెల్లించాను. శూన్య పరికల్పనకు, అంటే నిజమైన తేడా ఏదీ లేదని పరీక్షకు ముందు అనుకునే ఊహకు, అక్కడ ‘గ్విము గాసొల్’, ‘యొంగ్ గాసొల్’ అని రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి కాబట్టి, ఏది వాడాలో ముందే నిర్ణయించుకున్నాము.

ఒక విద్యార్థిని నమూనాతోపాటు ఒక ప్రశ్న పంపింది: “మీరు విస్తృతి (వేరియన్స్, విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) అని మాత్రమే రాశారు, భాగించవలసింది పరిశీలనల సంఖ్యతోనా, అంతకంటే ఒకటి తక్కువతోనా?” మిగిలిన పేజీలన్నీ ఆ సాయంత్రమే ఆమెకు పంపించాను.