లాస్ ఏంజిలిస్‌లో అన్నా మే వాంగ్ ఆనవాళ్లు

లాస్ ఏంజిలిస్ వెళ్లిన మనవాళ్లు చూసేవి దాదాపు ఒకటే వరస: యూనివర్సల్ స్టూడియోస్, కొండమీద హాలీవుడ్ అక్షరాలు, శాంటా మోనికా బీచ్. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలనూ అక్కడికే తిప్పుతారు. నేను ఆ వరసను పక్కనబెట్టి, హాలీవుడ్ తొలి చైనీస్ అమెరికన్ తార అన్నా మే వాంగ్ కోసం ఊరు తిరిగాను. కారు అక్కర్లేదు, మెట్రో, బస్సు చాలు. కాకపోతే ఏది ఎక్కడుందో ముందే తెలుసుకుని వెళ్లాలి. ఆమె గుర్తులు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి కానీ ఒక్కటీ తనంతట తాను కంటబడదు.

ఆమె 1905 జనవరి 3న ఈ ఊళ్లోనే పుట్టింది. తండ్రికి లాండ్రీ ఉండేది. బడి ఎగ్గొట్టి చైనాటౌన్‌లో షూటింగులు చూస్తూ తిరిగిన పిల్ల 1919లో గుంపులో లాంతరు పట్టుకున్న ఎక్స్‌ట్రాగా తెరమీదికొచ్చింది. 1922లో 'ది టోల్ ఆఫ్ ది సీ'లో కథానాయిక అయ్యేనాటికి ఆమెకు 17 ఏళ్లు.

తిరుగుడు యూనియన్ స్టేషన్ నుంచి మొదలుపెట్టడం మంచిది. ఒకటి, మెట్రోలో అక్కడికి చేరడం సులువు. రెండోది, 1939లో తెరిచిన ఆ స్టేషన్ కట్టడం కోసమే పాత చైనాటౌన్‌ను కూలగొట్టారు. స్టేషన్ ముందు వీధి దాటితే ఎల్ ప్వెబ్లో ప్రాంతం వస్తుంది. అక్కడ 1890 నాటి గార్నియర్ భవనం ఆ పాత చైనాటౌన్‌లో మిగిలిన ముక్క. ఇప్పుడు అందులో చైనీస్ అమెరికన్ మ్యూజియం ఉంది. చిన్నదే, గంటలో చూసేయొచ్చు. వాంగ్ సినిమాలు అర్థం కావాలంటే ఈ గంట దండగ కాదు. చైనా కూలీల రాకను నిషేధించిన 1882 చట్టం 1943 దాకా అమల్లో ఉంది. అమెరికాలో పుట్టిన తార అయినా ఆమె దేశం దాటాలంటే, తిరిగి రానివ్వండని ముందుగానే ఇమ్మిగ్రేషన్ వాళ్లకు ఫారం 430 నింపి ఇవ్వాల్సి వచ్చేది.

టికెట్ సంగతి ఇక్కడే చూసుకోవాలి. మెషిన్‌లో ట్యాప్ కార్డు కొని డబ్బులు వేసుకోండి. ఒక ప్రయాణం 1.75 డాలర్లు, రెండు గంటల్లోపు మారితే మళ్లీ కట్టక్కర్లేదు. బస్సులో నగదు వేస్తే ఈ సౌకర్యం ఉండదు, మారిన ప్రతిసారీ మళ్లీ వేయాలి. 

మొదట సమాధి దగ్గరికే వెళ్లండి. హాలీవుడ్ వీధులు రాత్రయినా చూడొచ్చు, స్మశానం గేటు సాయంత్రానికే మూస్తారు. యూనియన్ స్టేషన్‌లో బి, డి లైన్లు రెండూ ఒకే ప్లాట్‌ఫాం మీదికొస్తాయి. బోర్డు చూసి డి ఎక్కాలి. తొందరలో బి ఎక్కితే విల్షైర్/వెర్మాంట్ తర్వాత రైలు హాలీవుడ్ వైపు తిరిగిపోతుంది. డి లైన్‌లో విల్షైర్/నార్మండీ దగ్గర దిగి, నార్మండీ మీద దక్షిణంగా వెళ్లే 206 నంబరు బస్సు పట్టుకుని వాషింగ్టన్ బులెవార్డ్ దగ్గర దిగితే మూలమీదే ఏంజెలస్-రోజ్‌డేల్ స్మశానం. గేటు వాషింగ్టన్ వైపు, 1831 నంబరు దగ్గర.

చాలామంది తిరిగి తిరిగి వెనక్కి పోయేది ఇక్కడే. రాయి మీద అన్నా మే వాంగ్ అన్న పేరు ఇంగ్లిష్‌లో ఎక్కడా లేదు. 1961 ఫిబ్రవరిలో ఆమె పోయాక అస్థికలను తల్లి సమాధిలోనే ఉంచారు. రాయి పైభాగాన ఇంగ్లిష్‌లో ఉన్నది తల్లి పేరు. కుడి అంచున నిలువుగా చైనీస్ అక్షరాల్లో ఈమె పేరు, ఎడమ అంచున చెల్లెలు మేరీ పేరు. అందుకని ఆమె చైనీస్ పేరు వాంగ్ లియు త్సాంగ్ ఎలా రాస్తారో ఫోన్లో బొమ్మగా దాచుకుని వెళ్లండి. ఆఫీసులో అడిగి సెక్షన్ తెలుసుకుని ఆ చుట్టుపక్కలే చూడండి. పేర్లు చదువుకుంటూ వెళ్లేవాళ్లు ఆ రాయిని దాటిపోతారు. ఆ గీతల ఆకారాన్ని పోల్చుకుంటూ వెళ్లినవాళ్లకే దొరుకుతుంది.

అదే ఆవరణలో హ్యాటీ మెక్‌డేనియల్ సమాధి కూడా ఉంది, ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి. హాలీవుడ్ స్మశానంలో చోటు కావాలని ఆమె కోరుకుంది. రంగు కారణంగా వాళ్లు ఒప్పుకోలేదు, 1952లో ఇక్కడికి తెచ్చారు. 1884లో మొదలైన రోజ్‌డేల్ అన్ని జాతులకూ, మతాలకూ తలుపు తీసిన చోటు. ఈ ఇద్దరూ ఒకే గేటు లోపల ఉండటం వెనక ఉన్నది ఈ చరిత్రే.

మళ్లీ 206 ఎక్కి విల్షైర్/నార్మండీకి, అక్కణ్నుంచి విల్షైర్/వెర్మాంట్‌లో బి లైన్‌కు మారి హాలీవుడ్/వైన్‌లో దిగాలి. పైకి రాగానే ఎదురుగా పాంటేజెస్ థియేటర్ కనిపిస్తుంది. ఎడమకు నడిచి వైన్ మూలమీద హాలీవుడ్ బులెవార్డ్ దాటి, గుండ్రటి క్యాపిటల్ రికార్డ్స్ భవనం ఉన్న వైపు ఫుట్‌పాత్ పట్టుకోండి. నాలుగడుగులేస్తే 1708 వైన్ స్ట్రీట్ దగ్గర, తారల పేర్లతో ఫుట్‌పాత్‌లో పొదిగే హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్ నక్షత్రాల్లో ఆమెది ఉంటుంది. నక్షత్రం అనగానే అందరూ చైనీస్ థియేటర్ ముందు వెతుకుతారు, అక్కడ ఉండదు. 1960లో వేసిన తొలి విడత నక్షత్రాల్లో ఇదొకటి, పేరు కింద సినిమా కెమెరా గుర్తు ఉంటుంది.

ఒక స్టేషన్ ముందుకెళితే హాలీవుడ్/హైలాండ్, దాని పక్కనే చైనీస్ థియేటర్. 1926లో కట్టడం మొదలైనప్పుడు ఉక్కు దూలానికి మొదటి రివెట్ కొట్టింది వాంగే. ముందు ప్రాంగణంలో సిమెంటులో చేతిముద్రలు వేయించుకున్న తారలు ఎంతమందో, వాళ్లలో ఆమె మాత్రం లేదు. కాబట్టి ఆ తొక్కిసలాటలో ఆమె ముద్రల కోసం వెతక్కండి. తలెత్తి పగోడా కప్పును కాసేపు చూసి, పడమరగా నడవండి.

లా బ్రేయా మూలమీద స్టెయిన్‌లెస్ స్టీలు మంటపం ఒకటుంది. దాన్ని మోస్తున్న నాలుగు స్త్రీ విగ్రహాలు డొలోరెస్ డెల్ రియో, డొరొథీ డాండ్రిడ్జ్, మే వెస్ట్, అన్నా మే వాంగ్. దీన్ని రూపొందించిన క్యాథరిన్ హార్డ్‌విక్ తర్వాత సినిమా దర్శకురాలైంది. నాకైతే ఆ తళతళ పెళ్లిమంటపం అలంకారంలా అతిగా అనిపించింది. పైగా మిట్టమధ్యాహ్నం ఎండ స్టీలు మీద పడి కళ్లు చెదురుతాయి, ముఖాలు తెలియవు, ఫొటో తెల్లగా కాలిపోతుంది. పొద్దు వాలాక వెళ్లండి.

దారిలో కాఫీకి నగదు ఇచ్చి చిల్లర తిరగేయండి. 2022 అక్టోబరులో వచ్చిన క్వార్టర్ (పావు డాలరు నాణెం) మీద ఆమె బొమ్మ ఉంది: చేతిమీద గడ్డం ఆన్చిన ముఖం, చుట్టూ థియేటర్ బోర్డు బల్బులు. అమెరికా నాణెం మీదికొచ్చిన తొలి ఆసియన్ అమెరికన్ ఆమే. గుర్తుపట్టడం తేలిక. మామూలు క్వార్టర్ మీద వాషింగ్టన్ ఎడమకు చూస్తాడు, ఈ వరస నాణేల మీద కుడికి. కుడికి చూస్తుంటే తిప్పి చూడండి. జ్ఞాపికల దుకాణాల్లో డాలర్లు పోసి కొనక్కర్లేదు, అది పావు డాలరే.

ఇవన్నీ చూశాక కూడా సినిమా చూడకపోతే ఆమెను చూసినట్టు కాదు. 'ది టోల్ ఆఫ్ ది సీ' ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, గంటలోపే అయిపోతుంది. రెండు రంగుల టెక్నికలర్‌లో తీశారు. కెమెరా ఎరుపును, ఆకుపచ్చను మాత్రమే పట్టేది, ప్రింటుకు రెండు ఫిల్ములను వీపుకు వీపు అతికించేవారు. నీలం లేదు కాబట్టి సముద్రం ఆకుపచ్చగా కనిపిస్తుంది. మీ టీవీ రంగులు మార్చకండి. అసలు నెగటివ్‌లో చివరి భాగం పోయింది. 1985లో బాగుచేసినప్పుడు ఆఖరి సముద్రం దృశ్యాలను ఆనాటి రెండు రంగుల కెమెరాతోనే మళ్లీ తీసి చేర్చారు.

మార్లీన్ డీట్రిచ్ పక్కన చేసిన 'షాంఘై ఎక్స్‌ప్రెస్' (1932) గురించే అందరూ చెబుతారు. బాగుంటుంది, కానీ అందులో ఆమెది పక్కపాత్ర. హాలీవుడ్ ఆమెకిచ్చిన చోటు అంతవరకే. 1931 నాటి 'డాటర్ ఆఫ్ ది డ్రాగన్'కు ప్రధాన పాత్ర వేసిన ఆమెకు 6,000 డాలర్లు ఇచ్చి, కాసేపే కనబడే వార్నర్ ఓలాండ్‌కు 12,000 ఇచ్చారు. ఓలాండ్ స్వీడన్‌లో పుట్టి చైనీయుడి వేషాలు కట్టినవాడు. 'ది గుడ్ ఎర్త్' (1937)లో చైనా రైతు పాత్ర తెల్లనటుడు పాల్ మ్యూనీకి వెళ్లింది. తెల్లవాడి సరసన వేరే జాతి స్త్రీని భార్యగా చూపడాన్ని అప్పటి సెన్సారు నియమావళి ఒప్పుకోదు, దాంతో భార్య వేషం వాంగ్‌కు దక్కలేదు, అదీ తెల్లనటికే వెళ్లింది. లూయిస్ రైనర్ ఆ వేషానికి ఆస్కార్ అందుకుంది.

నన్నడిగితే ముందు చూడాల్సింది ఆమె లండన్ వెళ్లి చేసిన 'పికడిల్లీ' (1929). నైట్‌క్లబ్‌లో భోజనానికొచ్చిన మనిషి (నటుడు చార్లెస్ లాటన్) ప్లేటు మురికిగా ఉందని గొడవపెట్టుకుంటాడు. యజమాని సంగతేమిటో చూద్దామని అంట్లు తోమే గదికి దిగుతాడు. అక్కడ పనివాళ్లంతా చేతులు కట్టుకుని చూస్తుంటే, చిరిగిన మేజోళ్లతో బల్లమీద వాంగ్ నెమ్మదిగా నడుము తిప్పుతూ ఆడుతుంటుంది. పాదాలు దాదాపు కదలవు. తొందర లేదు, ఎవరి మెప్పూ అడగదు. పేరుకు నాయిక గిల్డా గ్రే, కానీ ఈ దృశ్యం తర్వాత ఆమె వైపు ఎవరూ చూడరు.

ఈ సినిమా కొనేటప్పుడు ఒకటి గమనించండి. మాటల సినిమాలు వచ్చిపడ్డ రోజులు కావడంతో దీని ముందు మాటలున్న చిన్న దృశ్యాన్ని తర్వాత అతికించారు. అది కథను అనవసరంగా ముందే మొదలుపెడుతుంది. దాన్ని దాటేసి, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ బాగుచేసిన మూకీ ప్రతినే చూడండి. దానిలో పసుపు, నీలం అద్దకాలు తిరిగి వచ్చాయి. యూట్యూబ్‌లో తిరిగే నలుపు-తెలుపు నకళ్లలో అవి ఉండవు.