వాడిక సీసా

ఒక దసరా మరునాడు పొద్దున్నే మా మండువ, అంటే మేము కల్లు దింపి అమ్మే చోటి దగ్గరికి వెళ్లేసరికి, ఈత చెట్ల కింద నేలంతా ప్లాస్టిక్ గ్లాసులు, గుడాలు తిన్న కాగితాలు, ఖాళీ నీళ్ల సీసాలు పరుచుకొని ఉన్నాయి. ఆ సీసాల్లో చాలావాటి మూతలకు మేకుతో కొట్టిన చిన్న రంధ్రం ఉంది. పండుగకు హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రవాళ్లు చెట్ల కింద కల్లు తాగినంత తాగి, తోటివాళ్ల కోసం ఇంకో రెండు లీటర్లు ఆ సీసాల్లో పట్టించుకొని పోతారు. మూత బిగించి పెడితే దారిలోనే సీసా ఉబ్బి బండిలో పేలుతుందని అందరికీ తెలుసు కనుక, మూతకు ముందే బెజ్జం పెడతారు.

మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. మా తాత, నాయన చెట్లెక్కే మోకు ముస్తాదు కట్టుకొని తాటి చెట్లు, ఈత చెట్లు గీసి మమ్మల్ని పెంచారు. నేను ఫుడ్ టెక్నాలజీ చదివి, హైదరాబాద్‌లో పానీయాలు తయారుచేసే ఒక కంపెనీలో ఆరేళ్లు ప్యాకింగ్ విభాగంలో పనిచేసి, రెండేళ్ల క్రితం ఊరికి తిరిగి వచ్చాను. కల్లును ఆధారం చేసుకొని, ఆల్కహాల్ తక్కువగా ఉండే ఒక పానీయాన్ని, భూమికి భారం కాని సీసాలో అందించాలన్నది ఇప్పుడు నేను, నా ఇద్దరు మిత్రులు పెట్టుకున్న పని. అమ్మకానికి ఎక్సైజ్ శాఖ అనుమతులు కావాలి కాబట్టి ప్రస్తుతం మేము చేస్తున్నది ప్రయోగం మాత్రమే.

కంపెనీలో ఉన్నప్పుడు ఇటువంటి ప్రతిపాదన ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. పాతికేళ్ల లోపు వారిని ఆకట్టుకునే, పర్యావరణ హితమైన మద్యపానీయం కావాలన్నారు. మూడు నెలల చర్చల తరువాత తేలిందేమిటంటే, పాత ప్లాస్టిక్ సీసా మీదనే కొత్త తొడుగు వేసి, దాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ అచ్చు వేయడం. ఆ తొడుగు సీసాది కాని వేరే రకం ప్లాస్టిక్ కావడంతో, పాత సామాను కొనేవాడికి అది అంతకుముందు కంటే పనికిమాలినదైపోయింది. ఈ మాట సమావేశంలో చెప్పాను. పక్కన పెట్టారు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఊరికి వచ్చాక నాకు దారి చూపింది నా చదువు కాదు, వాడిక. మా వైపు ఒక ఇంటివారు ఒక గీత కార్మికుడి దగ్గర నిత్యం కల్లు పట్టించుకుంటే దాన్ని వాడిక అంటారు. వాడిక ఇంటివాళ్లు వాళ్ల ముంతో, చెంబో, స్టీలు క్యానో తెచ్చి పోయించుకొని పోతారు. కల్లు పట్టడానికి చెట్టుకు కట్టే కుండ, లొట్టి కూడా అంతే, కడిగి, ఆరబెట్టి, మళ్లీ కట్టేదే. నా చిన్నతనంలో మా అవ్వ లొట్లను బోర్లించి వరుసగా ఎండకు పెట్టేది. ఒక్కొక్క లొట్టి అడుగున వేలు పెట్టి తుడిచి, వాసన చూసి, పులిసిన కంపు వస్తే మళ్లీ కడిగేది. ఆ వ్యాపారంలో పారేసే వస్తువంటూ ఒక్కటీ ఉండేది కాదు. తాగడానికి పట్టుకునే తాటి రేక కూడా మట్టిలో కలిసిపోయేది. ప్లాస్టిక్ మా మండువకు వచ్చింది వాడికలు తగ్గి, దూరం నుంచి వచ్చి పోయేవారు పెరిగిన తరువాతనే. అందువల్ల సీసాను దేనితో చేయాలన్న ప్రశ్న కంటే, అది ఎలా తిరిగి వస్తుందన్న ప్రశ్నే ముందు అడగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అయినా దేనితో చేయాలన్నదీ చూడక తప్పలేదు. కర్ణాటక దుకాణాల్లో చౌక మద్యం 90 మిల్లీలీటర్ల అట్టపెట్టెల్లో అమ్ముతారు. నారాయణపేట వైపు సరిహద్దు దారుల పక్కన అవి పడి ఉండడం నేను చూశాను. పైకి కాగితంలా కనిపించే ఆ పెట్టెలో నాలుగింట మూడు వంతులు కాగితమే అయినా, మిగిలినది పాలిథిన్, పలుచని అల్యూమినియం రేకు. ఆ మూడింటినీ విడదీసే కర్మాగారం దగ్గరలో లేకపోతే అది చెత్తే. అల్యూమినియం డబ్బా సంగతి వేరు. దాన్ని కరిగించి మళ్లీ లోహం చేయడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతం చాలు. బరువు కూడా ఇరవై గ్రాములు దాటదు. కానీ దాన్ని కడిగి మళ్లీ నింపలేము, పైగా నింపే యంత్రం మా వంటి చిన్నవాళ్లకు అందేది కాదు. గాజు సీసా బరువు, 650 మిల్లీలీటర్ల బీరు సీసా ఖాళీగానే అర కిలోకు అటూ ఇటూ తూగుతుంది. ఒక్కసారి వాడి పారేస్తే అన్నింటికంటే గాజే ఎక్కువ నష్టం చేస్తుందని చెప్పడానికి నేను వెనుకాడను. ఇరవై సార్లు తిరిగి వస్తే మాత్రం దాని ముందు మరేదీ నిలవదు. మా ఊరి నుంచి హైదరాబాద్ దారిలో వంద కిలోమీటర్ల చిల్లర, ఆ దూరం దాటి మా సీసా పోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాము.

కల్లును సీసాలో పట్టి ఉంచడం మాత్రం మా ముగ్గురినీ ఏడాదికి పైగా ఏడిపించింది. చెట్టు నుంచి చుక్క జారిన క్షణం నుంచే గాలిలోనూ లొట్టిలోనూ ఉన్న ఈస్టు, బాక్టీరియా దాన్ని పులియబెట్టడం మొదలుపెడతాయి. నాలుగు గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక లీటరు వాయువు పుడుతుంది. లీటరు నీరాలో, అంటే ఇంకా పులియని తియ్యని కల్లులో, వంద గ్రాముల వరకు చక్కెర ఉంటుందనుకుంటే, పూర్తిగా పులిసేలోపు పాతిక లీటర్ల వాయువు బయటికి పోవాలి. మూతకు బెజ్జం పెట్టే కుర్రవాళ్లు చదవకుండానే తెలుసుకున్న లెక్క ఇదే. మొదటి వేసవిలో మేము మూత బిగించి వెనుక గదిలో పెట్టిన పన్నెండు సీసాల్లో ఐదు ఒకే రాత్రి పేలాయి. తెల్లారి చూస్తే గాజు పెంకు ఒకటి గోడ సున్నంలో బొటనవేలి లోతు దిగి ఉంది. ఆ గదిలో మనిషి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పులియడాన్ని మనకు కావలసిన చోట ఆపాలంటే, మూత వేసిన సీసాను అరవై డిగ్రీల పైచిలుకు వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచాలి. మామూలు ప్లాస్టిక్ సీసా ఆ వేడికి మెత్తబడి ఆకారం చెడడం మొదలవుతుంది, గాజు తట్టుకుంటుంది. గాజును ఎంచుకోవడానికి ఇదొక పెద్ద కారణం. వేడి ఎక్కువైతే కల్లుకు ఉడికిన వాసన వస్తుంది. మొదటి ఎనిమిది విడతలను నాయన నాలుక మీద వేసుకొని ఉమ్మేశాడు. తొమ్మిదవ విడతకు, "కల్లు గాదు గని తాగొచ్చు బిడ్డా" అన్నాడు. ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. నల్లగొండ జిల్లా బత్తాయికి పేరు కదా అని రసం కలిపి చూశాము. వేడి చేశాక, నిలవ ఉన్నకొద్దీ బత్తాయి రసం చేదెక్కింది, దాంతో ఆ ఆలోచన మానుకున్నాము.

యువకుల కోసమని చెప్పినప్పుడు నా మనసు చాలాసార్లు ఊగిసలాడింది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. పండ్ల రసంలా తియ్యగా, మిఠాయి రంగుల్లో, కూల్‌డ్రింకులా కనిపించే సీసా చేస్తే అది మొదట చేరేది పదిహేడేళ్ల పిల్లల చేతికే. అందుకే మా పానీయం కల్లులా తెల్లగా, కొంచెం పుల్లగానే ఉంటుంది. ఆల్కహాల్ 4 శాతం అన్న అంకె, సీసా మీద ఉన్న మా పేరు కంటే పెద్దగా ఉంటుంది. ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. పాలమూరు వైపు కొన్ని దుకాణాల్లో కల్లు పేరుతో ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్లు అమ్మి మనుషులను ఆసుపత్రుల పాలు చేసిన సంఘటనలు ఏళ్లుగా పత్రికల్లో చదువుతూనే ఉన్నాము. ఏ చెట్లవో, ఏ రోజు నింపినదో రాసి, మూత వేసి ఇచ్చిన సీసా నిజాయితీగా గీసే కార్మికుడికి ఒక రక్ష అవుతుంది.

ఇక తిరిగి రావడం. సీసాకు అతికించే చీటీ ప్లాస్టిక్‌దైతే కడిగేటప్పుడు ఊడదు, గోకాలి. మేము మామూలు కాగితాన్ని పిండి జిగురుతో అతికించాము, కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్లలో నాలుగు నిమిషాల్లో అది దానంతటదే జారిపోతుంది. సీసా మీద గాజులోనే పొంగేలా పేరు వేయించాలని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఏ పేరూ లేని సీసా అయితే రేపు ఇంకొక ఊరి గీత కార్మికుల సంఘం కూడా దాన్ని నింపుకోవచ్చు. పెట్టెల్లో సర్దేటప్పుడు సీసాల మధ్య థర్మోకోల్ బదులు వరిగడ్డి పెడుతున్నాము, మా వైపు దానికి కొదవ లేదు.

తెచ్చిస్తే డబ్బు వెనక్కి ఇచ్చే పద్ధతి కొత్తది కాదు, గోలీ సోడా తాగిన వాళ్లందరికీ తెలిసినదే. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటున్నాయన్న ఆందోళన మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లిన తరువాత, 2022 మే నుంచి తమిళనాడులోని నీలగిరి జిల్లాలో ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకొని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇస్తున్నాయి. 2025లో కేరళ కూడా 20 రూపాయలతో తిరువనంతపురం, కన్నూరు జిల్లాల్లో మొదలుపెట్టింది. మన దగ్గర కూడా ప్రభుత్వం తలచుకుంటే ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది. ఎందుకు కాదో నాకు అర్థం కాదు.

ఈ దసరాకు మేము సొంతంగా ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాము. మా పానీయం కాదు, నాయన చెట్ల కల్లే. ఇంటికి పట్టుకుపోయేవారికి ప్లాస్టిక్ సీసా బదులు మా గాజు సీసా ఇచ్చి, 20 రూపాయలు ధరావతు తీసుకున్నాము. వాయువు పోవడానికి మూత బదులు తాటి ఆకు చుట్టి బిరడాగా పెట్టింది నాయనే. మొత్తం నాలుగు ట్రేలు, 96 సీసాలు. ఎవరెవరు తీసుకున్నారో నాయన తన పద్ధతిలో మండువ గోడ మీద బొగ్గుతో గీతలు గీశాడు. నెల తిరిగేసరికి 83 వచ్చాయి. అందులో రెండు కిరసనాయిలు వాసన కొట్టాయి, ఎంత కడిగినా పోకపోయేసరికి కరిగించే గాజులో వేశాము. ఇకపై తిరిగి వచ్చిన ప్రతి సీసానూ అవ్వ లొట్లను చూసినట్టే వాసన చూసి తీసుకోవాలని ఆ రోజే నియమం పెట్టుకున్నాము. దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకొని చదువుకునే మా చిన్నాయన కొడుకు, తను తీసుకున్న నాలుగూ కాక పక్క గదుల్లోవి మరో ఏడు ఏరుకొని సంచిలో తెచ్చాడు. తన డబ్బులతో పాటు వాళ్ల డబ్బులూ లెక్కపెట్టి తీసుకున్నాడు.

గోడ మీద ఇంకా 13 గీతలు ఉన్నాయి. సున్నం వేసేటప్పుడు వాటిని చెరపవద్దని నాయన చెప్పాడు, సంక్రాంతికి ఆ మనుషులు మళ్లీ వస్తారట.